వీపుకు వీపు ఆనించే ఇల్లు

కాకి ముక్కులా ఆకాశంలోకి పొడుచుకు వచ్చిన నల్లరాతి శిఖరం. దాని మెడచుట్టూ పెనవేసుకున్న ప్రాకారాలు. ప్రాకారాల మీద, ఎండ వాలే కొద్దీ రాగిరంగుకు తిరిగే నాచు. అడుగున, చూపు జారిపడేంత లోతులో, బండలను ఒరుసుకుంటూ నురగలు కక్కే శంఖవాహినీ నది. సుతారదేశపు ఉత్తర ద్వారమని తరతరాలుగా పేరుపడిన కాకతుండ దుర్గం అది. ఆ ద్వారపు గడియ ఇప్పుడు పరాయివాడి చేతిలో ఉంది.

గడచిన శీతకాలంలో ఉల్ముకుడనే మాంత్రికుడు ఒక్క బాణమైనా వదలకుండా దుర్గాన్ని పట్టుకున్నాడు. కావలి భటులందరినీ చంపి, ఆ శవాలనే లేపి ప్రేతసేనగా నిలిపాడని దేశమంతా చెప్పుకుంటోంది. దూరం నుంచి చూసి వచ్చిన వేగులు కూడా ప్రమాణం చేసి అదే చెప్పారు: భటులు బురుజుల మీద నిలబడే ఉన్నారు, పిలిస్తే చూడరు, రెప్ప వేయరు, సొంత రాజు పతాకం మీదికే బల్లెం విసురుతారు. మహారాజు రణధవళుడు పండితులను సంప్రదించాడు. రాబోయే అమావాస్యనాడు నూనె కుండలు మోసే ఏనుగులను పంపి, దుర్గాన్ని ప్రేతాలతో సహా దహింపజేయాలని నిశ్చయమైంది. ప్రేతాలకు అగ్నిసంస్కారమే ఉత్తమగతి అని శాస్త్రం చెబుతుందన్నారు. ఏ శాస్త్రమని ఎవరూ అడగలేదు.

అడిగినవాడు ఒక్కడు. పూర్వం కాకతుండంలో దళనాయకుడుగా పనిచేసి, గాయపడి ఇల్లు చేరిన బొల్లన. సభలో వెనక వరుస నుంచి లేచి, చేతులు కట్టుకుని అన్నాడు:

"ప్రభూ, ఆ కొండ మీదికి జొన్నల బళ్లు ఎక్కుతున్నాయని వేగులే చెబుతున్నారు. చచ్చినవాళ్లు గంజి తాగరు గదా."

సభలో ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు. రాజు మాత్రం నవ్వలేదు. "అయితే వాళ్లలో బతికున్నవాణ్ణి ఒక్కణ్ణి తెచ్చి నా ముందు నిలబెట్టు. ఏనుగులను ఆపుతాను. అమావాస్య దాటితే నా మాట నాది కాదు."

కావలి భటులలో తన అన్నకొడుకు మాచన ఉన్నాడన్న సంగతి బొల్లన చెప్పలేదు. వాదనలోకి బంధుత్వం వస్తే వాదన బలం తగ్గుతుందని అతనికి తెలుసు.

అందుకే ఈ మధ్యాహ్నం ఇద్దరు మనుషులు గుగ్గిలం అమ్ముకునే కొండవాళ్ల వేషంలో, నెత్తిన మూటలతో, దుర్గపు దారి ఎక్కుతున్నారు. ముందు బొల్లన. వెనక మాచన చెల్లెలు కుందమ. గుగ్గిలం ఏరేవాళ్లు తండ్రీ కూతుళ్లుగానే తిరుగుతారు కాబట్టి ఆమెను తీసుకురాక తప్పలేదని బొల్లన ఇంట్లో చెప్పాడు. తీసుకుపోకపోయినా వచ్చి ఉండేదని ఇంట్లో అందరికీ తెలుసు.

"చిన్నాన్నా, కొంచెం వంగి నడు. గుగ్గిలం మోసేవాడు అంత నిటారుగా ఉండడు."

"వంగితే మోకాళ్లు పలుకుతాయే."

"పలకనీ. ముసలాడివని నమ్ముతారు."

"నమ్మడానికేముంది, అది నిజమే గదా. నా సంగతి సరే, నీ అడుగులు చూసుకో. బారు తీరిన భటుడిలా వేస్తున్నావు. ఎవరు నేర్పారు నీకు?"

"నువ్వే."

"నేనెప్పుడు నేర్పాను?"

"నేర్పలేదు. నీ వెనకాల నడిచాను, అంతే."

బొల్లన మూట సర్దుకున్నాడు. జవాబు చెప్పవలసిన మాట వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి సర్దుకోవడం అతని అలవాటు.

సైన్యం నుంచి మనిషి తిరిగి వచ్చినా, సైన్యం అతని వెంటే ఇంటికి వస్తుంది. బొల్లన ఇంట్లో చెప్పులు ఎప్పుడూ గుమ్మం వైపు ముఖం పెట్టి ఉండేవి. పొద్దు గూకేలోగా నీళ్ల కడవలు నిండి ఉండాలి. పిల్లలు ఏడిస్తే ఊరుకోబెట్టేవారు గానీ, చీకట్లో గట్టిగా పిలిస్తే మందలించేవారు. భుజంలో దిగిన బల్లెం వల్ల అతని ఎడమ చేతికి మోచేతి కింద స్పర్శ పోయింది. ఆ చేత్తో పొయ్యి మీది అటికను నేరుగా దించుతుంటే వదిన పోతమ కేకలు వేసేది. వీటన్నిటికీ మించిన వింత భోజనం దగ్గర ఉండేది. ఆ ఇంట్లో ఎవరూ పంక్తిగా కూర్చునేవారు కాదు. ఇద్దరిద్దరు జతకట్టి, వీపుకు వీపు ఆనించి తినేవారు.

కాకతుండంలో అది అవసరం. ఆ కనుమలో గాలి రెండు వైపుల నుంచీ కొడుతుంది, శత్రువూ అంతే. తినేవాడి కళ్లు కంచం మీద ఉంటాయి కనుక, అతని వెనక వైపును జతగాడు కాస్తాడు. ఇద్దరి ఒంటి వేడీ ఇద్దరికీ ఆసరా. చక్కని ఏర్పాటు. అయితే ఆచారం కొండ దిగి ఇల్లు చేరేసరికి దాని కారణం దారిలో ఎక్కడో జారిపోయింది. కుందమ చిన్నతనంలో ఒక పెళ్లికి వెళ్లి, పంక్తిలో కూర్చున్న పెద్దావిడ వెనక్కి పోయి, ఆమె వీపుకు వీపు ఆనించి కూర్చుంది. పందిరంతా నవ్వింది. లోకంలో మిగిలిన వాళ్లు అలా తినరని ఆ పిల్లకు అప్పుడే తెలిసింది.

కుందమ తండ్రి ఎర్రన, తమ్ముడు బొల్లన అదే దుర్గంలో జతగాళ్లు. ఎర్రన అక్కడే మంచులో మరణించాడు. బొల్లన తిరిగి వచ్చిన తరువాత అతని వెనక చోటు కొన్నాళ్లు ఖాళీగా ఉండేది. పాలపళ్లు ఊడని మాచన ఒకనాడు తన గిన్నె తెచ్చుకుని అక్కడ కూర్చున్నాడు. వీపు ఆనింది గానీ భుజాలు అందలేదు. మీసం రాగానే వాడు వెళ్లి కాకతుండంలో పేరు ఇచ్చాడు. సుతారదేశంలో విలుకాండ్ర దళంలో స్త్రీలకూ చోటుంది. కుందమ పేరు ఇస్తానన్నప్పుడల్లా బొల్లన అడ్డం వస్తున్నాడు.

"తిరిగి వెళ్లాక దళంలో చేరతాను. ఈసారి కాదనకు," అంది కుందమ, చివరి మలుపు దగ్గర ఊపిరి తీసుకుంటూ.

"కాదంటే మాచన ఆగాడా? నా కథలు వినీ వినీ చెడిపోయారు మీరిద్దరూ."

"అన్నయ్య నీ కథలకు వెళ్లలేదు చిన్నాన్నా. నువ్వు చెప్పేవన్నీ గుర్రాల కథలే. వాడికి గుర్రాలంటే భయం."

"మరెందుకు వెళ్లాడు?"

"అన్నం దగ్గర నీ వెనక చోటు ఉంది చూశావా, అందుకు."

బొల్లన మళ్లీ మూట సర్దుకున్నాడు. ఎదురుగా దుర్గద్వారం కనిపించింది.

ద్వారం దగ్గర కావలికి ఉల్ముకుడి సొంత మనుషులే ఉన్నారు. వారి నాయకుడు తుండిలుడు, ఒకప్పటి దారిదోపిడీ దొంగ. ఇప్పుడు నడుముకు పులిగోళ్ల మొలతాడు, దాని మీద వాలిన బొజ్జ. మూట విప్పించి గుగ్గిలం ముద్ద వాసన చూశాడు.

"ఏంరా ముసలాడా, మంచిదేనా?"

"కొమ్మ మీద కారిందే దొరా. మన్ను అంటలేదు. గుడిలో ఏస్తే ఊరంతా గుమగుమలాడిపోద్ది."

"మా స్వామివారికి గుమగుమలు కాదురా, పొగ కావాలి."

"పొగ కూడా బెమ్మాండంగా వస్తది. నా పెళ్లాం ఏడ్చిన రోజులన్నీ ఈ పొగ వల్లే. నా వల్ల కాదు."

తుండిలుడు కడుపు కదిలేలా నవ్వి, ఇద్దరినీ లోపలికి వదిలాడు.

లోపలి ప్రాంగణం యమపురికి నకలు తీసినట్టు అలంకరించి ఉంది. కపాలాల తోరణాలు, నల్లని జెండాలు, నాలుక చాచిన రాక్షసముఖాల నోళ్లలో హోమగుండాలు, గుండాల చుట్టూ కుంకుమతో గీసిన సర్పమండలాలు. కుందమ మొదట చూపు తిప్పుకుంది. తరువాత దగ్గరగా చూసింది. కపాలాలు కాల్చిన మట్టివి. వాటి నుదుళ్ల మీద కుమ్మరి బొటనవేలి ముద్రలు ఇంకా ఉన్నాయి. ఒక మూల ఇద్దరు శిష్యులు రోట్లో ఏవో గింజలు దంచి గుగ్గిలంతో కలుపుతున్నారు. పక్కనే ముళ్లకాయల గుట్ట.

"ఉమ్మెత్త," అంది ఆమె పెదవులు కదలకుండా.

"చూశాను. కుక్కకు పెట్టినా రోజంతా గోడతో మాట్లాడుతుంది," అన్నాడు బొల్లన.

అప్పుడే గంజి వేళ అయింది. బురుజుల మీది నుంచి భటులు దిగి వచ్చారు. చూపులు గాజు గోళీల్లా ఉన్నాయి, పెదవులు పగిలి ఉన్నాయి, గడ్డాలు మాసి ఉన్నాయి. వాళ్లు మూకుళ్లలో గంజి పోయించుకుని, ఒక్క మాటా లేకుండా, ఇద్దరిద్దరుగా వీపుకు వీపు ఆనించి కూర్చున్నారు. తుండిలుడి మనుషులు దూరం నుంచి భయభక్తులతో చూస్తూ నిలబడ్డారు.

"చూశావా? ప్రాణాలు జంటలుగా ముడేశారు స్వామివారు," అన్నాడు తుండిలుడు గొంతు తగ్గించి. "మంత్రం అంటే అదీ. మేము ఒక్కమాట చెప్పకుండానే అట్లా కూచుంటారు."

కుందమ వినలేదు. ప్రాంగణం నడుమ ఒక భటుడు ఒంటరిగా నిలబడి ఉన్నాడు. చేతిలో మూకుడు, గంజి మీద మీగడలా పొర కట్టింది. కూర్చోడు, తాగడు. మెల్లగా ఇటు తిరుగుతాడు, అటు తిరుగుతాడు, తనకు ఆనవలసినది ఏదో కనిపించక మళ్లీ ఆగుతాడు. బుగ్గల ఎముకలు పైకి తేలి ఉన్నాయి. అయినా ఆ చెవులు తల్లి పోతమ చెవులే. ఇంటిల్లిపాదీ ఎగతాళి చేసిన చేటచెవులు. మాచన. వాడి జతగాడు ఏమయ్యాడో ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆమె వాడి వైపు అడుగు వేయబోయింది. "కదలకు," అన్నాడు బొల్లన. కదల్లేదు.

"ఏయ్, మీరూ తాగండిరా," అంటూ ఒక శిష్యుడు రెండు మూకుళ్లు తెచ్చి ఇచ్చాడు. పొద్దుటి నుంచి కొండ ఎక్కిన అలసట, ఎదురుగా మాచన. ఇద్దరి కళ్లూ, మనసులూ వాడి మీదే ఉన్నాయి. శరీరాలు తమకు తెలిసిన పని చేశాయి. ఎక్కడ కూర్చుంటున్నామన్న ఆలోచన లేకుండానే బొల్లన, కుందమ నేల మీద చతికిలబడి, వీపుకు వీపు ఆనించి, మొదటి గుక్క తాగారు.

గంజి పోస్తున్న గరిటె ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం చెవిన పడ్డాక గానీ తాము చేసిన తప్పు వాళ్లకు తెలియలేదు.

గుగ్గిలం అమ్మే ఏ కొండవాడూ అలా తినడు. ఆ కూర్చోవడం కాకతుండపు భటుడి సంతకం. చరిత్ర తెలిసిన శత్రువైతే అక్కడికక్కడే తలలు తీసి ఉండేవాడు. కానీ తుండిలుడికి తెలిసింది చరిత్ర కాదు, మంత్రం. వాడు రెండడుగులు వెనక్కి వేశాడు.

"పట్టేసింది," అన్నాడు పొడిబారిన గొంతుతో. "గాలి సోకితేనే పట్టేసింది. స్వామివారిని పిలవండి."

బొల్లన చూపును ఎదురుగా ఉన్న గోడకు తగిలించి వదిలేశాడు. అతని వీపు బిగువు సడలడం తెలిసి కుందమ కూడా అదే చేసింది.

ఉల్ముకుడు వచ్చాడు. కాటుక కొండ కదిలి వచ్చినట్టు నల్లని అంగవస్త్రం, మోకాళ్ల దాకా వేలాడే రుద్రాక్షలు, నుదుట రక్తచందనం, చేతిలో వెలిగే కొరివి. భీకరమైన ఆ ఆకారంలో కళ్లు మాత్రం సంతలో బేరగాడి కళ్లలా చురుకుగా ఉన్నాయి. ఇద్దరి చుట్టూ ఒకసారి తిరిగాడు. తాను వేయని మంత్రం పనిచేసిందని ఒప్పుకోవలసి వచ్చిన మాంత్రికుడి ఇరకాటం సామాన్యమైనది కాదు. కాదంటే తన మంత్రం ఉత్తదని మనుషులకు తెలుస్తుంది. అవునంటే వీళ్లెవరో తనకే తెలియదు.

"మా గాలి సోకినవారికి నిప్పు చల్లనవుతుంది," అన్నాడు గంభీరంగా. "ముసలివాడా, చెయ్యి చాపు."

ఏ చెయ్యి అని చెప్పలేదు. బొల్లన ఎడమ చెయ్యి చాపాడు. ఉల్ముకుడు కొరివిని ఆ అరచేతి మీద ఆనించి పట్టుకున్నాడు. చర్మం చిటచిటలాడింది. కమురు వాసన కుందమ ముక్కుకు తగిలింది. ఆమె కంటిలో నీరు నిండింది. పొగ వల్ల అనుకోదగినంతే. బొల్లన రెప్ప వేయలేదు. తన చెయ్యి కాలడం అతనికి వాసన వల్లనే తెలుస్తోంది.

ఉల్ముకుడి కనుబొమలు కొద్దిగా పైకి లేచాయి. ఆ క్షణంలో తన మంత్రాన్ని అతనే ఒకింత నమ్మి ఉండవచ్చు. కొరివి తీసి, "మనవాళ్లే," అని వెళ్లిపోయాడు.

తుండిలుడు ఊపిరి వదిలాడు. "ముసలాడు దీపాలు మోస్తాడు. పిల్లను ఆ ఒంటివాడి వెనక పారెయ్యండి. సరిగ్గా తినక చచ్చేట్టున్నాడు వాడు. పేర్ల పిలుపుకు వీళ్లు ఇవాళ అక్కర్లేదు. రేపు స్వామివారు కొత్త పేర్లు పెడతారు."

కుందమను లాక్కుపోయి మాచన వెనక నిలబెట్టారు. ఆమె కూర్చుని వీపు ఆనించింది. పలచని బట్ట లోంచి వాడి వెన్నుపూసలు ఒక్కొక్కటిగా తగిలాయి. తరువాత ఆ వీపు బరువు మెల్లగా ఆమె మీదికి వచ్చింది; మూకుడు పెదవులకు తగిలిన చప్పుడు; గుటక. ఆపకుండా, ఆబగా, అడుగు గీకేదాకా తాగాడు.

ఎండ శిఖరం అంచుకు జారింది. శిష్యులు గుండాలలో గుగ్గిలం పోసి, ఉమ్మెత్త పొడి చల్లి, గబగబా ద్వారగృహంలోకి పోయి తలుపులు బిడాయించుకున్నారు. స్వామి మంత్రం మీద వాళ్లకు ఎంత భక్తి ఉన్నా, పొగ వేళకు మాత్రం ఒక్కడూ బయట ఉండేవాడు కాదు. ఉల్ముకుడి గొంతు గోడ మీది నుంచి ఏదో వల్లిస్తోంది. బూడిదరంగు పొగ బారులు తీరిన భటుల మీదికి పాకింది.

ఒళ్లు ఈడ్చుకుంటూ నడిచే ప్రేతంలా బొల్లన పడమటి గోడ వైపు జరుగుతున్నాడు. పక్కనుంచి పోతూ గొణిగాడు. "నా వెనకే రా. పొద్దు వాలితే శిఖరం మీది చల్లగాలి ఈ గోడ దిగి వస్తుంది. పొగ తూర్పుకు పోతుంది. వాణ్ణి తీసుకురా."

"అన్నయ్యా, నడువు," అంది కుందమ మాచన చెవిలో. వాడు కదల్లేదు. "నేనురా, కుందిని. అమ్మ పంపింది." చూపు కూడా తిరగలేదు. పొగ మోకాళ్ల దాకా వచ్చింది. ఆమె గొంతు మార్చింది. ఇంట్లో పొద్దున్నే గిత్తలను లేపే బొల్లన గొంతు అది, దళనాయకుడి గొంతు.

"ఎడమ కాలు ముందుకు. నడువు."

మాచన నడిచాడు. తల్లి పేరుకు కదలని మనిషి ఆజ్ఞకు కదిలాడు. ఉల్ముకుడు ఈ మనుషులకు కొత్తగా నేర్పినదేమీ లేదు. పొగ వాళ్ల తెలివిని మాత్రమే తీసేసింది. మిగిలినదంతా సుతారదేశం తానే శ్రద్ధగా నేర్పి పెట్టింది.

పడమటి గోడ మూలలో గాలి శుభ్రంగా, మంచు వాసనతో ఉంది. గోడ అడుగున నీటి తూము. మనిషి పాకి పోగలిగేంత వెడల్పు. దాని ఇనుప జాలీని బొల్లన కుడి చేత్తో ఊపి, చుట్టూ ఉన్న పాత సున్నం రాలగొట్టి, పక్కకు జరిపాడు.

"ఇది వెలుపలి అంచులోకి దిగుతుంది. అక్కణ్ణుంచి మేకల దారి. దారి చివర త్రాటి వంతెన. నా మూటతాడు తీసుకుని వాణ్ణి నీ నడుముకు కట్టుకో. వంతెన దాటితే మనవాళ్ల అడవి."

"నువ్వు?"

"నేను ఉంటాను."

"అదేం మాట?"

"నెమ్మదిగా. పొగ తగ్గగానే తుండిలుడు గోడ మీద నిలబడి పేర్లు పిలుస్తాడు. ఇది మా కాలం నాటి పద్ధతే, వాడు మార్చలేదు. ఒక్కడు పలక్కపోయినా కొమ్ము ఊదుతారు, వంతెన తాళ్లు కోస్తారు. మీరప్పటికి దాటి ఉండరు. మాచన అని పిలిచినప్పుడు ఎవరో ఒకరు పలకాలి. నీ గొంతు పనికిరాదు. నాకు రేపటిదాకా పేరే లేదు, నేను పలకవచ్చు."

"ముగ్గురం పరుగెత్తి పోదాం."

"ఈ మోకాళ్లతోనా? వంతెన మీద రెండు చేతులా తాడు పట్టాలి. చూడు నా చెయ్యి."

ఆమె చూడలేదు. అంతకుముందే చూసింది.

"దళంలో చేరితే నాకిచ్చే మొదటి ఆజ్ఞ ఇదా, నిన్ను వదిలి పొమ్మని?"

"ఆజ్ఞ కాదు తల్లీ. ఆజ్ఞయితే ఇంత సేపు చెబుతానా? మీ నాన్న మంచులో పడినప్పుడు నాకు ఆజ్ఞ వచ్చింది, వెనక్కి చూడకుండా దిగమని. ఎందుకని ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. నీకు కారణం చెప్పాను. అందులో తప్పుంటే చూపించు, మానేద్దాం."

కుందమ వెతికింది. బతుకులో ఎన్నడూ ఏ లెక్కనూ అంత పట్టుదలగా తప్పు పట్టాలని చూడలేదు. పొగ, గాలి, గొంతు, వంతెన, మోకాళ్లు. ఒక్కొక్కదాన్నీ లాగి చూసింది. ఒక్కటీ ఊడి రాలేదు.

"నీ లెక్క అంటే నాకు అసహ్యం," అంది చివరికి.

"నాకు మాత్రం ముద్దొస్తోందా? రాజుగారి దగ్గర వీడు పిచ్చిచూపులు చూసినా ఫరవాలేదు. ఊపిరి తీస్తే చాలు, అదే సాక్ష్యం. ఉమ్మెత్త సంగతి చెప్పు, గాలి సంగతి చెప్పు. ఏనుగులను ఆపించు. లోపల నేను కూడా ఉంటాను, అది మరిచిపోకు."

"మరిచిపోయే మొహమేనా నీది?"

అతను నవ్వి, మాచన గడ్డం పట్టుకుని ముఖం ఒకసారి పైకెత్తి చూశాడు. వాడు అతన్ని దాటి వెనక గోడను చూశాడు. బొల్లన మెడ వంచి, కాళ్లు ఈడ్చుకుంటూ పొగ అంచున నిలిచిన బారు వైపు వెళ్లిపోయాడు.

తూము లోపల చల్లని పాచి. కుందమ ముందు పాకుతూ, నడుముకు కట్టిన తాడుతో మాచనను లాగింది. లాగినప్పుడల్లా ఆ దళనాయకుడి గొంతుతోనే, మెల్లగా, ముందుకు, ముందుకు అంటూ. వెలుపలి అంచు మీదికి రాగానే గాలి చెంప మీద కొట్టినట్టు తగిలింది. మేకల దారిలో ఒకచోట రాయి జారింది. మాచన బరువు మొత్తం తాడు మీద పడి ఆమె నడుము కోసుకుంది. వేరు ఒకటి చేతికి దొరికింది. పైకి లాగింది. శిఖరం మీద మిగిలిన ఎరుపు ఆరిపోతుండగా వంతెన మొదలు చేరారు. కింద శంఖవాహిని చీకటిలో కనిపించక, హోరుగా మాత్రం వినిపిస్తోంది.

ఒక కాలు వంతెన మీద పెట్టిందో లేదో, పై గోడ మీద పిలుపు మొదలైంది. కొండగాలి ఒక్కొక్క పేరునూ మోసుకొచ్చి లోయలో పడేస్తోంది. పేరు, దాని వెనకే ఎండిన జవాబు.

"భైరన."

"ఉన్నాను."

"గోకర్ణుడు."

"ఉన్నాను."

ఆమె వెనక మాచన ఆగిపోయాడు. తాడు బిగిసింది. తిరిగి చూస్తే వాడు కాళ్లు దగ్గరగా చేర్చి, భుజాలు విరిచి, గడ్డం పైకెత్తి నిలబడి ఉన్నాడు. రొమ్ము నిండా గాలి తీసుకుంటున్నాడు. తన వంతు ఎప్పుడో వాడికి తెలుసు. ఏమి చేయబోతున్నాడో ఆమెకు అప్పుడు అర్థమైంది.

"మాచన."

కుందమ వాడి మీద పడింది. నోటిని అరచేత్తో అదిమి, రెండో చేత్తో తల వెనక పట్టుకుంది. వాడి జవాబు ఆమె చేతిలో వేడి ఆవిరిగా కొట్టుకుంది. పళ్లు దిగాయి. వంతెన అటూ ఇటూ ఊగింది. ఆమె వదల్లేదు.

పైన ఒక్క క్షణం ఏమీ వినిపించలేదు. తరువాత గాలి ఆ జవాబు కూడా మోసుకొచ్చింది.

"ఉన్నాను."

స్పష్టంగా, తొణకకుండా, నడి వయసు దాటిన గొంతు. తుండిలుడు తరువాతి పేరుకు వెళ్లాడు.

మాచన బిగువు ఒక్కసారిగా సడలింది. కుందమ చెయ్యి మెల్లగా తీసింది. పొగ అంటని గాలి అంతసేపు పీల్చినందువల్లనో, తన పేరుకు మరొకరు పలకడం వినడం వల్లనో, వాడి చూపు మొదటిసారి ఒకచోట నిలిచింది. ఆ చోటు ఆమె ముఖం. పగిలిన పెదవులు కదిలాయి.

"కుందీ," అన్నాడు. మాటలు కూడగట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. "ఆ గొంతు చిన్నాన్నది గదా?"

ఆమె తాడు ముడి బిగించింది. ఈసారి దళనాయకుడి గొంతు వాడలేదు, తన గొంతుతోనే చెప్పింది.

"అవును. నేను చెప్పేది విని, నీకు సబబనిపిస్తేనే నడువు."

ఊగే వంతెన మీద, నది హోరు నడుమ, ఆమె మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.